రూపాయి బిళ్ళ ఆట - దాచుకోదగ్గదేనా?

"వీడియో గేముల కొట్టు దగ్గర ఎవరైనా కనిపించారో, హాజరు పట్టీలోంచి పేరు కొట్టేస్తాను!"

ఒక ఆదివారం ఉదయం హాజరు పిలిచాక వార్డెన్ గారు అన్న మాట ఇది. 1990ల నడుమ ఈ హాస్టల్లో ఉండి చదువుకున్న మాలో ఏ ఒక్కరమూ ఆ మాటను మరచిపోలేదు. ఎలా మరచిపోతాం? ఆ ముందు రోజు సాయంత్రమే మాలో నలుగురం ఆ కొట్టులో ఉన్నాం. సబ్బుకు, కొబ్బరినూనెకు, క్షవరానికి ప్రభుత్వం ఇచ్చే కాస్మెటిక్ చార్జీల్లోంచి రూపాయి బిళ్ళలు తీసి, ఒక్కొక్కటిగా ఆ పెట్టె నోట్లో వేశాం. మాలో ఒకడు ఆ నెలంతా సబ్బు లేకుండా ఉత్త నీళ్ళతోనే స్నానం చేశాడు. పక్కవాడి సబ్బు అరగదీస్తే తన్నులాట అవుతుందని వాడికి తెలుసు.

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు, చదువు గురించీ క్రమశిక్షణ గురించీ రాయాలని మొదట అనుకున్నాం. కానీ అవి రాసేవారు ఈ సంచికలో చాలామందే ఉంటారు. అందుకే మేము ఆ ఆట గురించి, ఈనాడు దాన్ని దాచిపెట్టే మనుషుల గురించి, దాన్నిబట్టి మనం నేర్చుకోవలసిన ఒక సంగతి గురించి రాయదలచాం. ఆ ఆట పేరు స్ట్రీట్ ఫైటర్ 2. చదివాక మాతో ఏకీభవించకపోయినా ఫరవాలేదు, ఆలోచిస్తే చాలు.

ఆ ఆట ఎక్కడిది?

పెట్టెలో కరాటే ఆడే ఆటలకు తొలి గట్టి పునాది 1984లో జపాన్‌లో పడింది. టెక్నోస్ జపాన్ అనే కంపెనీ తయారుచేయగా డేటా ఈస్ట్ అనే కంపెనీ విడుదల చేసిన ఆ ఆట పేరు కరాటే చాంప్. దానికి బటన్లే లేవు. ఒక్కొక్క ఆటగాడికి రెండేసి కర్రలు ఉండేవి. వాటిని రకరకాలుగా కదిపి తన్నడం, గుద్దడం, ఎగరడం చెయ్యాలి. అచ్చం పోటీల్లోలాగే రిఫరీ నిలబడి అర పాయింటు, పూర్తి పాయింటు ఇస్తాడు. తర్వాత ఇంకొకరు ఇలాంటి ఆటే తెస్తే, తమది కాపీ కొట్టారని డేటా ఈస్ట్ అమెరికాలో కోర్టుకెక్కింది. కింది కోర్టులో గెలిచింది. కానీ 1988లో పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. పోలికలున్న మాట నిజమే కానీ అవి కరాటే క్రీడలోనే ఉన్న పోలికలు, వాటి మీద ఒకరికే హక్కు ఉండదు అన్నది ఆ తీర్పు సారం. మాకు ఈ సంగతి బాగా నచ్చింది. తన్నూ గుద్దూ ఎవడబ్బ సొత్తూ కాదు కదా!

1987లో క్యాప్‌కామ్ కంపెనీ స్ట్రీట్ ఫైటర్ మొదటి భాగం తెచ్చింది. దాని పెద్ద పెట్టెకు మెత్తటి దిమ్మెలు ఉండేవి. ఎంత గట్టిగా గుద్దితే తెర మీద బొమ్మ అంత గట్టిగా కొడుతుంది. చేతులూ నొప్పి పుట్టేవి, పెట్టెలూ పాడయ్యేవి. ఆ తర్వాత దిమ్మెల స్థానంలో ఆరు బటన్లు వచ్చాయి. గుద్దుకు మూడు, తన్నుకు మూడు. మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా. ఆ ఆరు బటన్లే తర్వాత ఈ ఆటకు గుర్తుగా నిలిచిపోయాయి.

1991లో రెండో భాగం వచ్చింది. దాని రూపకల్పనలో ముఖ్యులు అకిరా నిషితాని, అకిరా యసుద. సంగీతంలో ఎక్కువ భాగం యోకో షిమొమురా అనే యువతిది. ఎనిమిది మందిలో ఎవరినైనా ఎంచుకోవచ్చు. ఒక్కొక్కరిదీ ఒక్కో దేశం, ఒక్కో ఒడుపు. తెల్ల దుస్తుల ర్యూ చేతుల్లోంచి నిప్పు బంతి రావాలంటే కర్రను కిందికి, అక్కణ్ణుంచి ఏటవాలుగా, ఆపైన ముందుకు జార్చి గుద్దు బటన్ నొక్కాలి. సైనికుడు గైల్ అయితే కాసేపు వెనక్కి పట్టి ఉంచి ఒక్కసారిగా ముందుకు తొయ్యాలి. మల్లయోధుడు జాంగీఫ్ ఎదుటివాణ్ణి ఎత్తి కుదెయ్యాలంటే కర్రను గుండ్రంగా తిప్పాలి. ఇవేవీ పెట్టె మీద వివరంగా రాసి ఉండవు. ఎవరో ఒకరు చూపిస్తేనే తెలుస్తుంది. మాకు చూపించింది ఆ కొట్టు ఎదురుగా సైకిళ్ళకు పంక్చర్లు వేసే అన్న. పైసా తీసుకోలేదు.

ఈ ఆటలోని పెద్ద అందం ఒక పొరపాటులోంచి పుట్టింది. మధ్యలో కారును పగలగొట్టే ఘట్టం ఒకటి వస్తుంది. దాన్ని పరీక్షిస్తుండగా, సరైన క్షణంలో నొక్కితే ఒక దెబ్బ వెంట ఇంకో దెబ్బ అంటుకుపోతోందని క్యాప్‌కామ్‌లో పనిచేసే ఫునమిజు గమనించారు. దాన్ని తీసెయ్యకుండా ఉంచేశారు. అదే కాంబో. ఆనాటి నుంచి ఈనాటి వరకు పోరాట ఆటలన్నీ ఆ పొరపాటు మీదే నడుస్తున్నాయి.

మా ఊరికి వచ్చింది దొంగ ఆట

మా కొట్టులోని ఆటలో ఒక వింత ఉండేది. ర్యూ గాల్లోకి ఎగిరి, గాల్లోనే నిప్పు బంతులు విసిరేవాడు. ఒకటి కాదు, వరుసగా. ఆ బంతులు ఎదుటివాడి వెంటబడి వంకర్లు తిరిగేవి. అసలు ఆట అదేనని మేము నమ్మాం. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, అది క్యాప్‌కామ్ చేసిన ఆట కానే కాదని! 1992 ప్రాంతంలో తూర్పు ఆసియాలో ఎవరో అసలు ఆటలోని చిప్పులను మార్చి, నకిలీ బోర్డులు తయారుచేసి అమ్మారు. వాటిలో పేరు మోసిన దాన్ని రెయిన్‌బో ఎడిషన్ అంటారు. ఆ నకిలీల వేగం చూసి జనం ఎగబడుతుంటే, క్యాప్‌కామ్ కూడా అదే ఏడాది చివర తన ఆట వేగం పెంచి స్ట్రీట్ ఫైటర్ 2 టర్బో విడుదల చేయవలసి వచ్చింది. దొంగను చూసి దొర నేర్చుకున్నాడన్నమాట.

దీనికి మేము సిగ్గుపడాలా? అసలు బోర్డు ధర పెట్టగల కొట్టు మా చిన్న ఊళ్ళో ఎలా ఉంటుంది? అక్కడికి చేరగలిగింది నకిలీయే. మాకు తెలిసిన ఆట అదే. ఇక్కడ ఒక మాట చెప్పాలి. చరిత్ర రాసేవాళ్ళు అసలును రాస్తారు, నకిలీని వదిలేస్తారు. కానీ లేనివాళ్ళ ఇంటికి ప్రపంచం నకిలీ రూపంలోనే వస్తుంది. దాన్ని వదిలేస్తే లేనివాళ్ళు ఆడిన సంగతే చరిత్రలో ఉండదు.

ధాల్సిమ్ మనవాడేనా?

ఆ ఎనిమిది మందిలో ఒకడు భారతీయుడు. పేరు ధాల్సిమ్. మేము "యోగా గాడు" అనేవాళ్ళం. చేతులూ కాళ్ళూ రబ్బరులా సాగుతాయి. నోట్లోంచి మంటలు వస్తాయి. మెడలో పుర్రెల దండ. అతను పోరాడే చోట వెనక ఏనుగులు నిలబడి ఘీంకరిస్తుంటాయి.

మొదట్లో మాకు ఎంత సంబరమో! జపాన్ వాళ్ళ ఆటలో మన దేశం ఉందని. తర్వాత తర్వాత మాలోనే వాదన లేచింది. మన దేశం అంటే సన్యాసి, ఏనుగు, పుర్రెలు, ఇంతేనా? పొలంలో కూలికి వెళ్ళే మా అమ్మ, రిక్షా తొక్కే మా నాన్న ఎక్కడ? అమెరికావాడికి సైనికుడి వేషం, రష్యావాడికి మల్లయోధుడి వేషం, మనవాడికి మాత్రం గారడీవాడి వేషం. దూరం నుంచి చూసేవాడికి ఎదుటివాడు ఎప్పుడూ బొమ్మలాగే కనిపిస్తాడు. ఊరి చివర ఉండేవాళ్ళకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

అయితే ఇంకో సంగతీ ఉంది. ఆ కథలో ధాల్సిమ్ కీర్తి కోసం పోటీకి దిగడు, ఊళ్ళోని పేదల కోసం డబ్బు కూడబెట్టడానికి దిగుతాడు. ఈ సంగతి తెలిశాక మాలో కొందరం అతన్ని క్షమించాం. కొందరం ఇంకా క్షమించలేదు. ఆ వాదన ఈ వ్యాసం రాసేటప్పుడు కూడా తెగలేదు.

ఎంచుకోదగ్గ ఎనిమిది మందిలో స్త్రీ ఒక్కతే, చైనా అమ్మాయి చున్ లీ. ఆ కొట్టులోకి మాత్రం ఒక్క ఆడపిల్ల కూడా అడుగు పెట్టగా మేము చూడలేదు. పక్క వీధిలోని బాలికల హాస్టల్లో మా చెల్లెళ్ళు ఉండేవారు. వాళ్ళను రమ్మని పిలవాలన్న ఆలోచన కూడా మాకు రాలేదు. ఇది మా తప్పు. ఒప్పుకుంటున్నాం.

దాచేవాళ్ళు

ఇప్పుడు ఆ కొట్టు లేదు. అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు ఉంది. పెట్టె ఏమైందో ఎవరికీ తెలియదు. పాత ఇనుము కింద పోయి ఉంటుంది. కానీ జపాన్‌లో, అమెరికాలో, ఐరోపాలో ఇలాంటి పెట్టెలను వెతికి పట్టుకుని, బాగుచేసి, ఇంట్లో దాచుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పని చూస్తే ముందు ఆశ్చర్యం, తర్వాత గౌరవం కలుగుతాయి.

వాళ్ళకు ఉన్న చిక్కులు ఒకటీ రెండూ కాదు. పాత గాజు పిక్చర్ ట్యూబులు ఇప్పుడు తయారు కావడం లేదు. ఒకటి పోతే ఇంకో పాత పెట్టెలోంచి తీసి వెయ్యాలి. కెపాసిటర్లు ఎండిపోతాయి. చిప్పుల్లో రాసిన సమాచారం ఏళ్ళు గడిచే కొద్దీ చెరిగిపోతుంది. అన్నింటికంటే పెద్ద చిక్కు బ్యాటరీ. 1993లో వచ్చిన సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 మొదలుకొని క్యాప్‌కామ్ సీపీఎస్-2 అనే కొత్త రకం బోర్డు వాడింది. నకిలీలను అరికట్టడానికి ఆటను తాళం వేసినట్టు సంకేత లిపిలో ఉంచి, తాళం చెవిని బ్యాటరీ మీద బతికే చిన్న మెమొరీలో పెట్టింది. బ్యాటరీ అయిపోతే తాళం చెవి మాయం. ఆట ఇక లేవదు. అందుకే దాన్ని ఆత్మహత్య బ్యాటరీ అంటారు.

ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఎవరైనా ఈ ఆట ఆడాలనుకుంటారని ఆ కంపెనీ ఊహించి ఉండదు. ఊహించింది ఆటను ప్రేమించినవాళ్ళు. 2001లో మొదటిసారి ఆ తాళాన్ని దాటారు. 2007లో ఆ సంకేత లిపి గుట్టు పూర్తిగా విప్పారు. 2016 నాటికి చచ్చిపోయిన అసలు బోర్డులోకి మళ్ళీ తాళం చెవి ఎక్కించి బతికించే పద్ధతి కనిపెట్టి, ఎవరైనా చేసుకునేలా అందరికీ చెప్పేశారు. అంతకు ముందు, 1997లోనే, పాత ఆటలను మామూలు కంప్యూటర్ మీద నడిపించే మేమ్ అనే ప్రోగ్రాం మొదలైంది.

వీళ్ళు బోర్డు పెట్టె రంగు చూసి ఏ దేశం కోసం చేసిందో చెప్పేస్తారు. ఆకుపచ్చదైతే జపాన్, నీలిదైతే అమెరికా, ఐరోపా, బూడిద రంగుదైతే మిగతా ఆసియా. మా అందరికీ నచ్చిన సంగతి ఏమిటంటే, రెయిన్‌బో లాంటి నకిలీ బోర్డులను కూడా వీళ్ళు దాస్తున్నారు. మేము ఆడిన ఆట కూడా ఎక్కడో ఒకచోట భద్రంగా ఉంది.

మా అభిప్రాయం

దాచడం మంచిదే. కానీ దాచే తీరులో రెండు రకాలు ఉన్నాయి.

ఒక రకం ధనికుల బీరువా. 2021 జూలైలో అమెరికాలో ఒక వేలంలో, సూపర్ మారియో 64 అనే ఆట సీలు విప్పని డబ్బా ఒకటి 15 లక్షల 60 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. సీలు విప్పితే విలువ పోతుంది కాబట్టి దాన్ని ఎవరూ ఆడరు. ఆడని ఆటను ఆట అని ఎందుకు అనాలి? అది బంగారు బిస్కెట్టు లాంటిదే.

ఇంకో రకం తెరిచి ఉంచిన తలుపు. మాలో ఒకడు ఉద్యోగం మీద అమెరికా వెళ్ళినప్పుడు చికాగో దగ్గర బ్రూక్‌ఫీల్డ్ అనే ఊళ్ళో గాలపింగ్ ఘోస్ట్ ఆర్కేడ్ చూసి వచ్చాడు. 2010లో తెరిచారు. వందలాది పాత పెట్టెలు ఉన్నాయి. గుమ్మం దగ్గర ఒక్కసారి రుసుము కడితే చాలు, రోజంతా ఏది కావాలంటే అది ఆడుకోవచ్చు. బిళ్ళలు వెయ్యనక్కరలేదు. మావాడు స్ట్రీట్ ఫైటర్ ముందు నిలబడి బటన్ మీద చెయ్యి వేశాడు. ఊరికే నొక్కుతున్నాడు, ఇంకా మొదలుపెట్టలేదు. పదేళ్ళ తెల్ల కుర్రాడు ఒకడు వచ్చి, అడక్కుండానే రెండో కర్ర పట్టుకున్నాడు. ఇద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలియదు. మూడు ఆటలూ మావాడే ఓడిపోయాడు. ఓడిపోయినా వాడి మొహం వెలిగిపోయిందని ఫోన్లో గొంతు వింటేనే మాకు అర్థమైంది.

ఇదే మా వాదన. ఇది ఇద్దరు ఆడే ఆట. ఒకడి బీరువాలో ఉంటే సగమే బతికినట్టు. పక్కన రెండో మనిషి నిలబడ్డప్పుడే పూర్తిగా బతికినట్టు. అమెరికాలోని స్ట్రాంగ్ మ్యూజియం వారు 2017లో స్ట్రీట్ ఫైటర్ 2ను ప్రపంచ వీడియో గేముల గౌరవ జాబితాలో చేర్చారు. మంచిదే. కానీ చాలా ఆటలకు ఈ భాగ్యం లేదు. అమెరికాలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్‌లో దొరకడం లేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క తేల్చింది. ధనిక దేశంలోనే ఇలా ఉంటే మన సంగతి చెప్పాలా?

మరి ఆ సబ్బు మాటేమిటి?

"అన్నలూ, మీరే ఆ ఆటను పొగిడితే మా చదువులు ఏం కావాలి?" అని తమ్ముళ్ళు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే.

ఆ పెట్టె డబ్బు గుంజడానికే తయారైంది. అందులో అబద్ధం లేదు. త్వరగా ఓడిస్తేనే ఇంకో బిళ్ళ పడుతుంది. సబ్బు డబ్బులు దానికి వెయ్యడం తప్పే. ఆ రోజు వార్డెన్ గారి కోపంలో న్యాయం ఉంది. కానీ ఆయన ఒక్క మాట అడగలేదు. "ఇక్కడ లేనిది అక్కడ ఏముందిరా?" అని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాళ్ళం. హాస్టల్లో ఉన్న ఒక్క క్యారమ్ బోర్డుకు స్ట్రైకర్ లేదు. వాలీబాల్ గాలి నిలవదు. స్టడీ అవర్‌కూ నీళ్ళ చారు అన్నానికీ మధ్య ఉన్న గంటలో మేము ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి కూడా ఉంది. ఆ పెట్టె ముందు మా కులం ఎవరూ అడగలేదు. బడిలో వెనక బెంచీలో కూర్చునే వాడు అక్కడ దుకాణదారు కొడుకును ఓడించాడు. ఓడినవాడు మళ్ళీ బిళ్ళ వేసి, "ఇంకో ఆట రా" అన్నాడు. రూపాయికి మాకు దొరికింది అది. అది ఖరీదైనదే కానీ వృథా మాత్రం కాదు.

కాబట్టి ఆట చెడ్డది అనకండి. ఆట లేని హాస్టల్ చెడ్డది అనండి.

మనం ఏం దాచాం?

ఈ వ్యాసం కోసం హాస్టల్ మొదటి వార్షికోత్సవ సంచిక కావాలని అడిగాం. లేదన్నారు. రెండోది కూడా లేదు. పాత హాజరు పట్టీలు చెదలు తినేశాయి. గ్రూపు ఫొటోలు గోడ మీద వాన నీళ్ళకు కరిగిపోయాయి. మాకు పదేళ్ళు అన్నం వండి పెట్టిన వంట అవ్వ ఫొటో ఒక్కటి కూడా ఎక్కడా లేదు. ఎక్కడో జపాన్ పెట్టెలోని చిన్న చిప్పును బతికించడానికి మనుషులు పదిహేనేళ్ళు కష్టపడ్డారు. మనం మన సంచిక ఒక్క ప్రతిని దాచుకోలేకపోయాం. ఈ తప్పు హాస్టల్‌ది మాత్రమే కాదు. ప్రతి సంచికా మా చేతుల్లోకి వచ్చింది, మేమే పారేసుకున్నాం.

అందుకే ఒక మాట ఇస్తున్నాం. మాలో ఒకడి దగ్గర 1990ల నాటి సంచిక ఒకటి అట్ట ఊడిపోయి ఉంది. ఇంకొకడి దగ్గర పేరూ గది నంబరూ తెల్ల పెయింటుతో రాసిన ట్రంకు పెట్టె ఉంది. ఒక ఫొటో ఉంది, అందులో వెనక వరసలో సగం మొహమే కనిపిస్తున్నది కామాటి అన్నది. ఇవి హాస్టల్‌కు తెచ్చి ఇస్తాం. ఒక బీరువా కూడా కొనిస్తాం. దానితో పాటు రెండు క్యారమ్ బోర్డులు, స్ట్రైకర్లతో సహా.

తమ్ముళ్ళారా, మీ దగ్గర కోరేది ఒక్కటే. ఆ బీరువాకు తాళం వెయ్యకండి. చూడాలనుకున్న ప్రతి పిల్లవాడూ తీసి చూడాలి, చూసి మళ్ళీ అక్కడే పెట్టాలి. ఈ సంచిక కూడా రెండు ప్రతులు అందులో పెట్టండి. ఒకటి చిరిగిపోయినా ఇంకొకటి ఉంటుంది.

- 1990ల నాటి పూర్వ విద్యార్థులు